గుర్రాల సంఘంలో రూలు మార్చాలంటే ఏం చేయాలి?

చాచా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి టేబుల్ మీద పరిచారు. మనవరాలి నోటు పుస్తకంలోంచి చింపిన పేజీ. నీలి ఇంకుతో రెండే లైన్లు: మగ గుర్రంతో జత కట్టించిన (క్రాసింగ్) తేదీ ఒకటి, మగ గుర్రం యజమాని సంతకం ఒకటి. ఆయనకున్నది ఒకే ఆడ గుర్రం. ఉరవకొండ వైపు పల్లెల్లో పెళ్ళి ఊరేగింపులకు దాన్నే తీసుకుపోతారు. దానికి పుట్టిన పిల్లను అనంతపురంలోని మా సంఘం రిజిస్టర్‌లో ఎక్కించమని వచ్చారు. కుదరదని చెప్పాం. తండ్రి గుర్రం రిజిస్టర్‌లో లేకపోతే పిల్లను ఎక్కించకూడదని అంతకు నాలుగు నెలల ముందే సర్వసభ్య సమావేశంలో రూలు మార్చేశాం.

"క్రాసింగ్ చేయించినప్పుడు ఈ రూలు లేదు కదా నాయనా. కడుపులో ఉన్నదానికి మీ మీటింగు సంగతి ఎట్ల తెలుస్తుంది?" అన్నారు.

ఆ తీర్మానానికి చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఆ తప్పు సరిదిద్దుకోవడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఎడ్లు, గొర్రెలు పెంచేవాళ్ళ సంఘాలకూ చాలావరకు ఇదే దారి.

ముందు ఆ రూలు ఎక్కడుందో పట్టుకోండి

సంఘంలో 'రూలు' అని మనం నోటితో అనేది కాగితం మీద మూడు చోట్ల ఉంటుంది. సంఘం ఎందుకు పెట్టామో చెప్పేది మెమోరాండం. సభ్యత్వం, ఎన్నికలు, కోరం (సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు), సమావేశాలు, డబ్బు లెక్కలు బైలాలో ఉంటాయి. పిల్లల నమోదు, క్రాసింగ్ చీటీ, ప్రదర్శనల షరతులు రిజిస్టర్ నిబంధనల్లో ఉంటాయి. ఒక్కోదాన్ని మార్చే పద్ధతి ఒక్కోరకం. రిజిస్టర్ నిబంధనలను కొన్ని సంఘాల్లో కార్యవర్గమే మార్చుకోవచ్చు. బైలా, మెమోరాండం జోలికి వెళ్ళాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాల్సిందే.

మన రాష్ట్రంలో ఇలాంటి సంఘాలు ఎక్కువగా 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. కనీసం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టవచ్చు. కాగితాలు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి. కాబట్టి మొదటి పని: రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి బైలా ధ్రువీకృత ప్రతి తెచ్చుకోండి. కార్యదర్శి బీరువాలో ఉన్న జెరాక్సును నమ్ముకోవద్దు. మేం వెతికితే మా దగ్గరే మూడు జెరాక్సులు బయటపడ్డాయి. మూడింట్లో కోరం మూడు రకాలుగా ఉంది. ఎవరో ఎప్పుడో పెన్నుతో దిద్దారు, ఆ దిద్దింది రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళనేలేదు.

ఆ ప్రతి చేతికి రాగానే 'కార్యక్షేత్రం' అన్న లైను చూడండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. అటు కర్నూలులోంచి నంద్యాల విడిపోయింది. మీ బైలాలో ఇంకా 'అనంతపురం జిల్లా' అనో 'కర్నూలు జిల్లా' అనో మాత్రమే ఉంటే, పాతికేళ్ళుగా సభ్యుడైన మనిషి ఓటు చెల్లదని రేపు ఎవరైనా పేచీ పెట్టవచ్చు. మిగతా ఏ మార్పుకన్నా ముందు ఈ లైను సరిచేసుకోండి.

మన చేతిలో లేనివి కూడా తెలుసుకోవాలి. మార్వాడీ గుర్రం చెవులు లోపలికి వంపు తిరిగి కొసలు తాకాలా వద్దా అన్నది మన జిల్లా సంఘం ఓటేసి తేల్చే విషయం కాదు. దేశవాళీ జాతులను గుర్తించి నమోదు చేసేది హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ. పందేల థరోబ్రెడ్ గుర్రాల స్టడ్ బుక్, అంటే వంశాల రిజిస్టర్, పూణేలో ఉంటుంది. కృత్రిమ గర్భధారణతో పుట్టిన థరోబ్రెడ్ పిల్లను ప్రపంచంలో ఎక్కడా రిజిస్టర్ చేయరు, మనం తీర్మానం చేసినా చేయరు. గ్లాండర్స్ కూడా అంతే. మనుషులకూ సోకే జబ్బు అది. పశువుల అంటువ్యాధుల నివారణ కోసం 2009లో వచ్చిన చట్టం పరిధిలో ఉంది. పరీక్షలో ఉందని తేలిన గుర్రాన్ని చంపి పూడ్చాల్సిందే. 'మన ప్రదర్శనకు రక్తపరీక్ష అక్కర్లేదు' అని రూలు పెట్టే హక్కు ఏ సంఘానికీ లేదు.

పాతది ఇటు, కొత్తది అటు

మార్పు ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఆ మార్పు ఇంకా సిద్ధం కాలేదని అర్థం. తర్వాత కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమ పక్క పాత రూలు అక్షరం పొల్లుపోకుండా, కుడి పక్క కొత్త రూలు రాయండి. 'నిబంధన 14 సవరించబడును' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. మాటలు కూడా మన మాటలే వాడండి. 'తల్లిదండ్రులిద్దరి వంశావళి ధ్రువీకరించబడని అశ్వశాబకము' అని మేం రాసుకున్నదాన్ని చాచాకు చదివి వినిపిస్తే, "ఇది నా గుర్రం గురించేనా?" అని అడిగారు.

ఫీజుల అంకెలను బైలాలో ఇరికించకండి. వేరే పట్టికలో పెట్టుకుంటే ఫీజు మారిన ప్రతిసారీ బైలా తెరిచే పని ఉండదు.

పదకొండు నెలల లెక్క

మేం పొరబడింది ఇక్కడే. మనుషుల సంఘంలో ఈరోజు రూలు చేసి రేపటి నుంచి అమలు చేయవచ్చు. గుర్రాల సంఘంలో అలా కుదరదు. ఆడ గుర్రం పిల్లను మోసేది దాదాపు పదకొండు నెలలు, 330 నుంచి 345 రోజులు. మీరు తీర్మానం చేసే రోజుకే కొన్ని గుర్రాలు చూడితో ఉంటాయి. వాటి యజమానులు అప్పటికున్న రూలును చూసి, డబ్బు పెట్టి, దూరం తీసుకెళ్ళి క్రాసింగ్ చేయించారు. వాళ్ళు ఇప్పుడు వెనక్కి వెళ్ళలేరు.

అందుకే పుట్టుకకు సంబంధించిన ఏ రూలైనా పిల్ల పుట్టిన తేదీకి కట్టకూడదు. క్రాసింగ్ తేదీకి కట్టాలి. 'ఫలానా తేదీ నుంచి క్రాసింగ్ చేయించిన ఆడ గుర్రాలకు పుట్టే పిల్లలకు ఈ నిబంధన వర్తిస్తుంది' అని రాయండి. లెక్క చూడండి. ఫిబ్రవరి 10న తీర్మానమైంది. ఫిబ్రవరి 9న క్రాసింగ్ చేయించిన గుర్రం మళ్ళీ జనవరిలో గానీ ఈనదు. పుట్టిన తేదీకి కడితే ఆ ఏడాది పిల్లలన్నీ అన్యాయమైపోయినట్టే. ఆ తేదీని కూడా తీర్మానం మర్నాడే పెట్టకుండా రెండు మూడు నెలలు ముందుకు జరిపితే, మాట పల్లెలకు చేరే టైం ఉంటుంది.

పెద్ద సంఘాలు కూడా ఈ జాగ్రత్త పడతాయి. ఉత్తర అమెరికాలో థరోబ్రెడ్‌ల రిజిస్టర్ చూసే జాకీ క్లబ్ 2020లో ఒక రూలు తెచ్చింది. ఒక మగ గుర్రానికి ఏడాదికి 140 ఆడ గుర్రాలకు మించి క్రాసింగ్ చేయించకూడదని. నాలుగైదు గుర్రాల రక్తమే జాతంతా నిండిపోకుండా చూడాలన్నది వాళ్ళ ఉద్దేశం. 2020లోనూ ఆ తర్వాతా పుట్టిన మగ గుర్రాలకే దాన్ని వర్తింపజేశారు, పాతవాటి జోలికి పోలేదు. అయినా పెద్ద ఫారాలు కోర్టుకెక్కాయి, కెంటకీ చట్టసభలో దానికి వ్యతిరేకంగా బిల్లు వచ్చింది. చివరికి 2022 ఫిబ్రవరిలో క్లబ్బే ఆ రూలును వెనక్కి తీసుకుంది. ఉద్దేశం మంచిదే, తేదీ కూడా సరిగ్గానే పెట్టారు. ఆ రూలు వల్ల నష్టపోయేవాళ్ళను ఒప్పించలేకపోయారు.

ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది?

ప్రతి కొత్త రూలుకూ ఒక ఖర్చు ఉంటుంది. డీఎన్ఏ పరీక్ష తప్పనిసరి చేయాలనుకోండి. జూలులోంచో తోకలోంచో వెంట్రుకలను కుదుళ్ళతో సహా పీకి ల్యాబుకు పంపాలి. కత్తిరించినవి పనికిరావు, కుదురు ఉండాలి. మెడలో మైక్రోచిప్ వేయించాలంటే పశువైద్యుడు రావాలి, పదిహేను అంకెల నంబరు చదివే స్కానరు ఉండాలి. ఇరవై గుర్రాలున్న ఫారానికి ఇది లెక్కలోకి రాదు. ఒకే గుర్రం మీద ఇల్లు నడిపే మనిషికి ఒక పెళ్ళి బేరం పోయినట్టు.

కాబట్టి సమావేశానికి ముందే పెళ్ళి గుర్రాలవాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి. కుర్చీలు వేసి పిలవడం కాదు, సాయంత్రం గుర్రానికి దాణా పెట్టే వేళకు వాళ్ళ లాయం దగ్గరికి వెళ్ళి కూర్చోండి. మేం రెండోసారి అలాగే చేశాం. డీఎన్ఏ వద్దని ఎవరూ అనలేదు. "ఏడాదికొకసారి డాక్టరును మా ఊరికే తెప్పించండి, అందరివీ ఒకే రోజు తీయించుకుంటాం" అన్నారు. రూలులో ఆ ఒక్క ముక్క చేర్చాం. గొడవ సగం అక్కడే తీరిపోయింది.

నోటీసు, అది కూడా ఏ నెలలో

మేం మొదటిసారి నోటీసును వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకున్నాం. చాచాది బటన్ ఫోను. పైగా సమావేశం పెట్టింది మాఘమాసంలో, ముహూర్తాలు ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు. గుర్రాలున్నవాళ్ళంతా ఊరేగింపుల్లో ఉంటే, గుర్రాలను సరదాకు పెంచుకునేవాళ్ళం హాల్లో కూర్చుని చేతులెత్తాం. రూలు ప్రకారం కోరం ఉంది. కానీ రూలు ఎవరికి తగులుతుందో వాళ్ళెవరూ అక్కడ లేరు.

రాయలసీమలో గుర్రాల సంఘానికి సరైన నెల ఆషాఢం. పెళ్ళిళ్ళు ఉండవు, గుర్రాలు లాయంలో ఉంటాయి, మనుషులు ఇంటి దగ్గర దొరుకుతారు. పుష్యమాసం కూడా బాగుంటుంది. మొహర్రం ఏ తేదీల్లో వస్తుందో మాత్రం ముందే చూసుకోండి. మన సభ్యుల్లో చాలామందికి పీర్ల పండగ పనులుంటాయి.

నోటీసులో తేదీ, చోటు, టైంతో పాటు మార్చబోయే రూలు పూర్తి పాఠం ఉండాలి, ఆ రెండు గడుల కాగితమే జతచేయండి. 'ఇతర విషయాలు' అన్న లైను కింద బైలా మార్పు పెట్టడం పచ్చి అన్యాయం. ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో బైలాలో చూసుకుని, ఇచ్చిన రోజునూ సమావేశం రోజునూ లెక్కలోంచి తీసేయండి. పోస్టులో పంపితే రసీదు, చేతికిస్తే సంతకం లేదా వేలిముద్ర తీసుకుని ఫైల్లో పెట్టండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి, తప్పు లేదు, కానీ దానితో సరిపెట్టకండి.

సమావేశం రోజు

మొదట కోరం లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. సంతకాల పుస్తకం గుమ్మం దగ్గరే ఉంచండి, అయిపోయాక ఇంటింటికీ తిప్పి సంతకాలు చేయించే అలవాటు మానేయండి. పాత రూలు, కొత్త రూలు రెండూ గట్టిగా చదవండి. చదువు రానివాళ్ళున్నారు, ఉర్దూలో చెబితేనే బాగా అర్థమయ్యేవాళ్ళున్నారు, వాళ్ళకు అలాగే చెప్పండి.

బైలా మార్పుకు సాధారణంగా ప్రత్యేక తీర్మానం కావాలి. ఎన్నోవంతు ఓట్లన్నది ఒక్కటే చూస్తే చాలదు, హాజరైనవాళ్ళలోనా మొత్తం సభ్యుల్లోనా అన్నది కూడా చూసుకోండి. చాలా తీర్మానాలు ఈ ఒక్క మాట దగ్గరే చెల్లకుండా పోతాయి. అనుకూలం ఎంతమంది, వ్యతిరేకం ఎంతమంది, తటస్థం ఎంతమంది అంకెల్లో రాయండి. 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని చేతికొచ్చినట్టు రాసేయకండి.

రూలు వల్ల సొంతానికి లాభపడేవాళ్ళు ముందే ఆ మాట చెప్పాలి. మా మొదటి తీర్మానాన్ని ప్రతిపాదించింది రిజిస్టర్‌లో ఉన్న మగ గుర్రాల యజమానులే. అందరూ వాళ్ళ దగ్గరికే వస్తే లాభం వాళ్ళదే. దురుద్దేశంతో చేశారని నేననను, కానీ ఆ సంగతి మినిట్స్‌లో (సమావేశంలో జరిగింది రాసే పుస్తకంలో) ఉండాల్సింది. అమెరికాలో క్వార్టర్ హార్స్ అనే జాతి గుర్రాల అసోసియేషన్ క్లోనింగ్‌తో పుట్టిన గుర్రాలను రిజిస్టర్ చేయనన్నప్పుడు, కమిటీలోని వాళ్ళు తమ గుర్రాల విలువ కాపాడుకోవడానికే అలా చేశారంటూ కేసు పడింది. 2013లో జ్యూరీ అసోసియేషన్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కుమ్మక్కుకు తగిన సాక్ష్యం లేదని 2015లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. గెలిచినా, అంతకాలం కోర్టుల చుట్టూ తిరగడం మన సంఘాల వల్ల అయ్యే పనేనా?

తర్వాత

తీర్మానం నకలు, సవరించిన బైలా, నోటీసు రుజువులు కలిపి గడువులోగా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయండి. ముద్ర పడిన ప్రతి చేతికి వచ్చేదాకా పని అయినట్టు కాదు. వచ్చాక పాత జెరాక్సులన్నీ వెతికి అడ్డంగా గీత కొట్టేయండి.

మీకు తెలియకుండా రూలు మార్చేశారా? ముందు కార్యదర్శికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మినిట్స్ నకలు అడగండి. అప్పటికీ తేలకపోతే 2001 చట్టం 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తిత్వానికి వెళ్ళవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. చాచా అంతదూరం వెళ్ళలేదు. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు, అంతే.

మరుసటి ఆషాఢంలో సమావేశం పెట్టి రూలును క్రాసింగ్ తేదీకి మార్చాం. మూడు రంగుల చీటీల పుస్తకం అచ్చు వేయించాం: ఒకటి మగ గుర్రం యజమానికి, ఒకటి ఆడ గుర్రం యజమానికి, ఒకటి సంఘానికి. చాచా తెచ్చిన ఆ నోటు పుస్తకం పేజీని కూడా చీటీగానే ఒప్పుకున్నాం.

రిజిస్టర్ ఫారంలో గుర్రం బొమ్మ ఉంటుంది. తెల్ల మచ్చలు, సుడులు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టాలి. మనవాళ్ళు శుభమా అశుభమా అని చూసే ఆ సుడులే రిజిస్టర్‌లో గుర్రం ఆనవాళ్ళు. పిల్ల తల ఆడిస్తుంటే చాచా ఒక చేత్తో దాని దవడ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో నుదుటి వెంట్రుకలు పక్కకు తోశారు. సుడి కళ్ళకన్నా వేలెడంత పైన, కొంచెం ఎడమకు ఉంది. బొమ్మలో అక్కడే ఇంటూ గుర్తు పెట్టాను.