షాపింగ్ సెంటర్ బిల్లులో ఆ ఎక్స్‌ట్రా సేల్స్ టాక్స్ ఎవరికి పోతోంది? (సమస్య - పరిష్కారం)

ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేతా, అటు స్టేట్ లైన్ రోడ్డు దాటితే మిస్సోరీ, ఈ కాన్సస్ సిటీ చుట్టుపక్కల మన తెలుగు వాళ్ళు బాగానే ఉన్నారు కదా, వాళ్ళ కోసం రాస్తున్నా. పాత బిల్లులు ఒక రెండు పక్కన పెట్టుకుని చదవండి.

సమస్య: ఊరు అదే, వస్తువు అదే, కానీ ఈ షాపులో టాక్స్ ఒక పర్సెంట్ ఎక్కువ పడింది

కారణం: క్యాషియర్ తప్పు కాదు, ఆ షాపింగ్ సెంటర్ మొత్తాన్ని సీఐడీ చేసి ఉంటారు. మన దగ్గర సీఐడీ అంటే పోలీసులు గుర్తొస్తారు, ఇక్కడ మాత్రం కమ్యూనిటీ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్. కాన్సస్‌లో 2009లో వచ్చిన చట్టం ఇది. స్థలంలోనూ విలువలోనూ 55 శాతం కంటే ఎక్కువ ఉన్న ఓనర్లు సంతకాలు పెట్టి సిటీకి పిటిషన్ ఇస్తే, సిటీ ఒక పబ్లిక్ హియరింగ్ పెట్టి కౌన్సిల్లో పాస్ చేస్తే చాలు, ఆ హద్దుల లోపల కొన్న వాటి మీద 2 శాతం దాకా అదనపు సేల్స్ టాక్స్ వేయొచ్చు, అదీ 22 ఏళ్ళ దాకా. ఊళ్ళో వాళ్ళ ఓటు అక్కర్లేదు. పాత మాల్ రిపేర్లకి, పార్కింగ్‌కి, కొత్త బిల్డింగులకి డెవలపర్ పెట్టిన ఖర్చు ఈ డబ్బుతో మెల్లగా తిరిగి ఇస్తారు.

పరిష్కారం: కాన్సస్ రెవెన్యూ డిపార్ట్‌మెంట్ సైట్లో అడ్రస్ కొడితే రేటు చూపిస్తుంది. సిటీ పేరుతో వెతకొద్దు, షాపు అడ్రస్సే కొట్టండి, తర్వాత రోడ్డు అవతల షాపు అడ్రస్ కొట్టండి, ఆ తేడా చాలావరకు సీఐడీ టాక్సే. షాపు హద్దు బయట ఉండి కూడా ఎక్కువ వేస్తే బిల్లు చూపించి ముందు షాపు వాళ్ళనే రీఫండ్ అడగాలి. కాన్సస్‌లో డెలివరీ ఎక్కడికి వస్తే అక్కడి రేటే పడుతుంది కాబట్టి అదే వస్తువు ఇంటికి తెప్పించుకుంటే మీ ఇంటి రేటు.

సమస్య: గ్రోసరీ మీద టాక్స్ తీసేశారన్నారు, మరి పప్పు ఉప్పు మీద ఇంకా ఎందుకు పడుతోంది?

2025 జనవరి 1 నుంచి కాన్సస్‌లో సున్నా అయింది స్టేట్ వాటా మాత్రమే. కౌంటీ, సిటీ, సీఐడీ అలాగే ఉన్నాయి. దీనికి పెద్ద పరిష్కారం లేదు, హద్దు బయట స్టోర్ చూసుకోవడమే.

సమస్య: ఎక్కడా బోర్డు లేదు, బిల్లులో కూడా మొత్తం కలిపి ఒకటే లైను

నన్ను బాగా బాధపెట్టేది ఇదే. బిర్యానీకి 120 డాలర్లు అయితే ఒక శాతం అంటే 1.20, అది ఎవరూ పట్టించుకోరు, కానీ తెలియకుండా తీసుకోవడం వేరు, చెప్పి తీసుకోవడం వేరు. మిస్సోరీలో రోడ్ల పేరుతో వేసే టీడీడీ, అంటే ట్రాన్స్‌పోర్టేషన్ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్ టాక్స్ ఉంటే క్యాష్ రిజిస్టర్ దగ్గర రేటు కనిపించేలా పెట్టాలని చట్టంలోనే ఉంది, లేకపోతే మేనేజర్ని అడగండి. కాన్సస్ వైపు అయితే సిటీకీ డెవలపర్‌కీ మధ్య అగ్రిమెంట్ చూడాలి, అందులో బోర్డు పెట్టాలని రాసి ఉంటే పెట్టించే బాధ్యత సిటీది.

సమస్య: ఇప్పటిదాకా ఎంత వసూలైంది, ఇంకా ఎంత మిగిలింది అంటే ఎవరూ చెప్పరు

అసలు గొడవ ఇక్కడే. నేను ఒక సిటీకి మెయిల్ పెట్టి ఫలానా సెంటర్లో టాక్స్ ఎంత వచ్చిందని అడిగితే, షాపులు తక్కువ ఉన్నాయి కాబట్టి ఆ అంకె చెప్తే ఒక్కో షాపు అమ్మకం తెలిసిపోతుంది, కాన్ఫిడెన్షియల్ అన్నారు. వాళ్ళు చెప్పిన కారణం నిజమే, తప్పు నా ప్రశ్నలో ఉంది. షాపుల అమ్మకాలు నాకు అక్కర్లేదు, సిటీ ఖజానా నుంచి డెవలపర్‌కి ఎంత వెళ్ళిందో కావాలి, అది సిటీ చేసిన పేమెంట్ కాబట్టి అలా అడిగితే వచ్చింది.

అందుకని మూడు కాగితాలు అడగండి: సీఐడీని ఏర్పాటు చేస్తూ సిటీ పాస్ చేసిన ఆర్డినెన్స్ (రేటు, హద్దులు, ఎన్నేళ్ళు), డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (ఏ ఖర్చులు ఒప్పుకున్నారు, పైకి లిమిట్ ఎంత), ఏడాదివారీగా డెవలపర్‌కి చేసిన పేమెంట్ల లిస్టు. లిమిట్లోంచి పేమెంట్లు తీసేస్తే మిగిలింది తెలుస్తుంది, లిమిట్ అయిపోయాక కూడా టాక్స్ నడుస్తుంటే ఎందుకని కౌన్సిల్ని అడగొచ్చు. ఈ ఖర్చు కోసం అప్పుగా బాండ్లు అమ్మి ఉంటే ఎమ్మా (EMMA) అనే ఫ్రీ సైట్ ఉంది, మునిసిపల్ బాండ్ల పత్రాలు అక్కడ దొరుకుతాయి.

సమస్య: మిస్సోరీలో సిటీని అడిగితే మాకు సంబంధం లేదు, సీఐడీ బోర్డుని అడగండి అంటున్నారు

అక్కడ సీఐడీ చాలాసార్లు విడిగా ఒక ప్రభుత్వ సంస్థ, దానికి సొంత బోర్డు. ఆ హద్దుల్లో ఓటర్లు ఎవరూ లేకపోతే టాక్స్‌కి ఓటు వేసేది ఆస్తి ఓనర్లే. 2015లో కొలంబియా ఊళ్ళో ఒక సీఐడీ సగం శాతం టాక్స్ వేయాలనుకుంటే, ఎవరూ లేరనుకున్న హద్దుల్లో ఒక స్టూడెంట్ ఓటరుగా నమోదై ఉందని తేలి పెద్ద వార్త అయింది. ఇలాంటి బోర్డుల్లో డెవలపర్ మనుషులే కూర్చుంటారన్నది స్టేట్ ఆడిటర్లు ఎప్పటినుంచో ఎత్తి చూపుతున్న విషయం.

పరిష్కారం: ఆర్థిక సంవత్సరం అయ్యాక 120 రోజుల్లోపు సీఐడీ తన వసూళ్ళు, ఖర్చుల రిపోర్ట్ సిటీ క్లర్క్‌కి ఇవ్వాలి, కాబట్టి మాకు సంబంధం లేదన్నా రిపోర్ట్ మాత్రం క్లర్క్ దగ్గర ఉండి తీరాలి. అది కాక స్టేట్ ఆడిటర్‌కి కూడా ఏటా లెక్క పంపాలి, పంపకపోతే రోజుకి 500 డాలర్ల జరిమానా అని చట్టం. బోర్డు కూడా సన్‌షైన్ లా, అంటే మిస్సోరీ సమాచార హక్కు చట్టం కిందికే వస్తుంది, మీటింగ్ మినిట్స్ అడగొచ్చు.

మెయిల్‌లో పెద్ద కథ వద్దు, సెంటర్ పేరు, మూడు కాగితాల పేర్లు, కాన్సస్ అయితే అక్కడి సమాచార హక్కు చట్టం ఓపెన్ రికార్డ్స్ యాక్ట్ కింద, మిస్సోరీ అయితే సన్‌షైన్ లా కింద అడుగుతున్నానని ఒక్క ముక్క, అంతే. రెండు చోట్లా మూడు పనిదినాల్లో ఏదో ఒక జవాబు రావాలి, కాపీలకి డబ్బులు అడగొచ్చు కాబట్టి పీడీఎఫ్ చాలని ముందే రాయండి, నాలుగో పనిదినానికి కూడా ఏమీ రాకపోతే అదే మెయిల్‌కి రిప్లై కొట్టి మీ వార్డు కౌన్సిల్ మెంబర్ని కాపీలో పెట్టండి.