కాలువలు కట్టేసిన వారాల్లోనే రేవు బాగుచేయాలి

వేసవిలో గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్లాపి కాలువలు కట్టేశాకే, కాలువలోకి దిగే మెట్ల రేవు అడుగు కంటికి కనిపిస్తుంది. కానీ నీళ్లు నిండుగా పారుతున్నప్పుడే రేవు గోడ మీద నీటిమట్టం దగ్గర రంగుతో గీత గీసుకోండి. ఎండాక ఆ ఎత్తు ఎవరికీ గుర్తుండదు. గట్టు జలవనరుల శాఖది కాబట్టి పంచాయతీ తీర్మానం, ఆ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి అనుమతి కూడా ముందే తెచ్చుకోవాలి.

కాలువ ఎండగానే ఆఖరి మెట్టు కింద గునపంతో పొడిచి చూడండి. పై మెట్లు గట్టిగానే ఉంటాయి, అడుగున మట్టి కోసుకుపోయి ఆఖరిది గాల్లో వేలాడుతుంటుంది. పైపైన సిమెంటు పూసి వదిలేస్తే ఎవరో నిలబడ్డప్పుడే విరుగుతుంది. ఒండ్రు తీసి, గట్టి నేల తగిలేదాకా, కనీసం 2 అడుగులు తవ్వి, మెట్టు పొడవునా కాంక్రీటు గోడ పోయించాలి. సిమెంటు 1, ఇసుక 1.5, కంకర 3 పాళ్లు. బస్తాకి 25 లీటర్లకు మించి నీళ్లు పోయనివ్వొద్దు. పల్చగా ఉంటే పని తేలికే, బలం మాత్రం పోతుంది. గోనెసంచులు కప్పి 10 రోజులు తడపాలి. అందుకే నీళ్లు వదిలే తేదీకి 3 వారాల ముందే కాంక్రీటు పడిపోవాలి.

మెట్లు నున్నగా తీయించొద్దు. పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డగీతలు లాగితే కాలు పట్టు దొరుకుతుంది. పాచిని 15 రోజులకోసారి వైరు బ్రష్షుతో రుద్దాలి. పారే కాలువలో బ్లీచింగ్ చల్లొద్దు, ఆ నీళ్లే దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువుల్లోకి వెళ్తాయి.

ఆఖరి మెట్టుకి రెండు చివర్లా 2 అంగుళాల జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప) పైపులు, గోడ మీద గీసిన నీటిమట్టం గీతకు 3 అడుగులు పైకి ఉండేలా పాతి, గొలుసు కట్టండి. బురదనీళ్లలో మెట్లు ఎక్కడ ఆగాయో పిల్లలకు చెప్పేది అదొక్కటే. గుర్రపుడెక్క చిక్కుకుంటే వెంటనే తీసేయాలి, లేకపోతే ఆ బరువుకు పైపులు వంగుతాయి.

గట్టు మీద కొక్కేనికి 15 మీటర్ల తాడు వేలాడదీయండి, తాళం వేయొద్దు. నైలాన్ మునుగుతుంది, తేలే పాలీప్రొపైలిన్ కొనండి. చివర 5 లీటర్ల డబ్బాలో గ్లాసుడు నీళ్లు పోసి, మూత బిగించి కట్టాలి. వట్టి డబ్బా విసిరితే దూరం పోదు. ఎండకు పోగులు రాలుతుంటే తాడు మార్చేయాలి.

ఎవరైనా మునుగుతుంటే దూకకుండా, డబ్బా మనిషిని దాటేలా విసరండి. పైకి తీశాక పొట్ట నొక్కొద్దు, తలకిందులుగా పట్టొద్దు. ఊపిరి లేకపోతే ముందు 5 సార్లు నోటితో ఊపిరి ఊదాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిరులు చొప్పున 108 అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు.