టమాటా వాడొచ్చా, పారేయాలా: లక్షణం, కారణం, చేయాల్సిన పని

శనివారం తెచ్చిన రెండు కిలోల టమాటాల్లో బుధవారానికి కొన్ని గట్టిగానే ఉంటాయి, కొన్ని ముడతలు పడతాయి, ఒకటో రెండో బుట్ట అడుగున చెమ్మగిల్లి ఉంటాయి. చాలా ఇళ్లలో ముడతలు పడ్డవి చెత్తబుట్టలోకి పోతాయి. నున్నగా మెరుస్తూ ముచ్చిక కింద బూజు పట్టిన పండేమో చారులోకి పోతుంది. నిజానికి జరగాల్సింది దీనికి తిరగబడి.

రంగు చూసి తేల్చకండి. ముందు ముచ్చిక ఎత్తి దాని కింద చూడండి, చెడటం చాలాసార్లు మొదలయ్యేది అక్కడే. బూజు లేకపోతే ఆ చోటే వాసన చూడండి. మంచి పండుకి టమాటా ఆకు నలిపినప్పుడు వచ్చే వాసన ఉంటుంది. కల్లులా పులిసిన వాసన వస్తే ఇక చూడక్కర్లేదు, పారేయండి. వాసన బాగుంటే బొటనవేలితో మెల్లగా నొక్కండి.

నొక్కేటప్పుడు రకం గుర్తుంచుకోవాలి. బెంగళూరులో బండి దగ్గర 'నాటి' (అంటే నాటురకం) అని అమ్మేది పలుచని తొక్క, పులుపు ఎక్కువ. పండితే మెత్తగానే ఉంటుంది, అది చెడినట్టు కాదు. రెండు మూడు రోజుల్లో వాడేయాలి. హైబ్రిడ్ తొక్క మందం, బయట వారం దాకా ఆగుతుంది. అది నాటి పండంత మెత్తబడిందంటే మాత్రం అనుమానించండి.

తొక్క ముడతలు పడింది

పండులో నీరు తగ్గింది, అంతే. తొక్క మీద మైనం పూత ఉంటుంది కాబట్టి నీరు ఎక్కువగా ముచ్చిక ఊడిన మచ్చ గుండా పోతుంది. వాసన బాగుండి, తడి లేకపోతే పప్పుకీ పచ్చడికీ వాడేయొచ్చు. సలాడ్‌కి మాత్రం బాగుండదు. ఇకముందు ముచ్చిక వైపు కిందికి ఉండేలా, ఒకే వరసలో బోర్లించి పెట్టండి. ముడతలు ఆలస్యమవుతాయి.

ఒక చోట మెత్తగా ఉంది

కోలార్ మార్కెట్‌లో టమాటా 15 కిలోల పెట్టెల లెక్కన నడుస్తుంది. పెట్టె అడుగున ఉన్నవి పైబరువుకి కమిలిపోతాయి. ఆ చోట తొక్క చిట్లకుండా పొడిగా ఉంటే, చుట్టూ ఒక సెంటీమీటరు కండతో సహా కోసి తీసేసి మిగతాది ఆ రోజే వండండి.

తొక్క చిట్లి నీరు కారుతూ, లోపలి గుజ్జు జావలా అయితే అది దెబ్బ కాదు, బాక్టీరియా కుళ్లు. పండంతా పారేయండి. కారిన రసం అంటిన పక్కపండ్లను కడిగి, గుడ్డతో తుడిచి, ముందుగా వాటిని వాడండి.

బూజు పట్టింది

తెల్లటి దూది, బూడిదరంగు నూగు, నల్లటి మఖమల్ మచ్చ, ఏదైనా ఒకటే తీర్పు: పండు మొత్తం పారేయాలి. 'ఆ ముక్క కోసేస్తే సరిపోదా?' అని చాలామంది అడుగుతారు. క్యారెట్ లాంటి గట్టి కూరగాయకైతే సరిపోతుంది. టమాటా కండ మెత్తన, నీరు ఎక్కువ. బూజు పోగులు కంటికి కనిపించే మచ్చ దాటి లోపలికి పాకి ఉంటాయి. చారులో మరిగిస్తే బూజు చస్తుంది గానీ, కొన్ని బూజులు వదిలే విషపదార్థాలు వేడికి పూర్తిగా పోవు. బూజు కనిపించాక వాసన చూడకండి, పొడి ముక్కులోకి పోతుంది. పక్కనున్న పండ్లను ఒక్కొక్కటి తిప్పి చూసి, బుట్ట కడిగి ఆరబెట్టండి.

దీనికి మూలం తరచుగా ముడివేసిన ప్లాస్టిక్ కవరే. లోపల చెమ్మ పట్టి ఒకటి రెండు రోజుల్లోనే బూజు లేస్తుంది. ఇంటికి రాగానే కవరులోంచి తీసేయండి. కడిగి తడిగా దాచడం కూడా అదే తప్పు. వాడే ముందు కడగండి, అదీ పండు కంటే చల్లగా లేని నీళ్లతో. చల్లనీళ్లలో వెచ్చని పండు వేస్తే ముచ్చిక ఊడిన మచ్చ గుండా నీటిని, దానితో సూక్ష్మజీవుల్ని లోపలికి పీల్చుకుంటుంది.

అడుగు నల్లగా, గుంటపడి ఉంది

కాయ పెరిగేటప్పుడు కాల్షియం అందకపోవడం వల్ల వచ్చే లోపం, అంటుకునేది కాదు. మచ్చ పొడిగా, తోలులా ఉంటే కోసేసి తినొచ్చు.

పగుళ్లు

ఎండిన నేలకి ఒక్కసారిగా నీళ్లు అందితే కాయ పగులుతుంది. పగులు మానిపోయి గోధుమరంగు గీతలా ఉంటే ఫర్వాలేదు. తడిగా తెరుచుకుని ఉన్నదాన్ని కొనకండి.

ముచ్చిక దగ్గర సూదిమొన రంధ్రం

కాయని తొలిచే టుటా అనే పురుగు పని కావచ్చు. సగానికి కోసి చూడండి. లోపల నల్లటి పెంట, కుళ్లు ఉంటే పారేయండి.

కోస్తే గింజలు మొలకెత్తి ఉన్నాయి

పండు బాగా ముదిరింది, లేదా చాలాకాలం చల్లగా నిల్వ ఉంది. చూడ్డానికి పురుగుల్లా ఉండి జడిపిస్తాయి, అంతే. కండ గట్టిగా, వాసన బాగుంటే ఆ భాగం తీసేసి వండుకోవచ్చు.

పైభాగం పసుపుగానే ఉండిపోయింది

30 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్రరంగు సరిగా పట్టదు. తినడానికి ఇబ్బంది లేదు.

ఫ్రిజ్‌లో పెడితే రుచి పోయింది, పిండిలా ఉంది

12 డిగ్రీల కంటే చల్లగా ఉంటే టమాటా వాసన తగ్గుతుంది, దోరకాయ సరిగా పండదు. పచ్చివి, దోరవి బయటే ఉంచండి. తొందరుంటే అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో పెట్టండి. పూర్తిగా పండి, వండటానికి ఇంకా రెండు రోజులు ఉంటేనే ఫ్రిజ్. ముక్కలకి ఈ మాట వర్తించదు. కోసిన టమాటా రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన రోజున గంటే. మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లోపు వాడేయండి.