కాగితంతో మొదలై తలకెక్కే హెల్మెట్: ఎలా చేయాలి?

నేను చేసిన మొదటి హెల్మెట్ ఎప్పుడూ ఎడమవైపే చూస్తుంది. ఎంత తిన్నగా పెట్టుకున్నా గడ్డం ఒక పక్కకు, నుదురు ఇంకో పక్కకు పోతాయి. కాగితం అతికిస్తున్న రోజుల్లోనే ఆ మెలిక నా కంటపడింది. రెజిన్ (పూశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పూశాక, పుట్టీ పెట్టాక సర్దుకుంటుందిలే అని ఊరుకున్నాను. రెజిన్‌కు తప్పొప్పులు తెలియవు. ఏ ఆకారం అప్పగిస్తే దాన్నే రాయిలా బిగించి ఇస్తుంది. అందుకే ఈ పనికి కావలసిన ఓపికలో ముప్పావు వంతు కాగితం మీదే ఖర్చుపెట్టాలని నా లెక్క.

అంతరిక్ష సైనికుడిదో, మరమనిషిదో ముఖమంతా కప్పే హెల్మెట్‌ను ముందు దళసరి కాగితంతో కట్టి, బయట రెజిన్ పూసి, లోపల ఫైబర్‌గ్లాస్ (గాజు పోగుల పొర) వేసి గట్టిపరచడం ఈ పద్ధతి. దీన్ని పెపకుర అంటారు. ‘పేపర్ క్రాఫ్ట్’ను జపాన్ వాళ్లు పలికే తీరును కుదిస్తే వచ్చిన మాట అది. అక్కడి టామా సాఫ్ట్‌వేర్ సంస్థ తయారుచేసిన పెపకుర డిజైనర్ అనే ప్రోగ్రాం త్రీడీ నమూనాను విప్పి, కత్తిరించి అతికించడానికి వీలైన చదును ముక్కలుగా పరుస్తుంది. తొలి ప్రయత్నానికి పలకలు తక్కువగా ఉన్న నమూనా ఎంచుకోండి. నున్నటి వంపులు తర్వాత పుట్టీతో తెచ్చుకోవచ్చు. గోరంత ముక్కలు వందలకొద్దీ ఉన్న నమూనాతో మొదలుపెడితే సగంలోనే విసుగొస్తుంది.

తలను కొలవండి, నమూనాను నమ్మకండి

చెవి నుంచి చెవికి వెడల్పు, ముక్కు కొస నుంచి తల వెనక వరకు పొడవు, నడినెత్తి నుంచి గడ్డం కింది వరకు ఎత్తు కొలుచుకోండి. కళ్లజోడు పెట్టుకునేవారు జోడుతోనే కొలవాలి. ఉదాహరణకు తల వెడల్పు 16 సెంటీమీటర్లు అనుకుందాం. లోపలి మెత్తలకు పక్కకు 2 చొప్పున 4, గోడ మందానికి పక్కకు అర చొప్పున 1 కలిపితే హెల్మెట్ బయటి వెడల్పు 21 సెంటీమీటర్లు కావాలి.

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. ప్రోగ్రాం చూపించే వెడల్పులో చెవుల దగ్గరి గుండ్రటి బిళ్లలు, పక్కకు పొడుచుకొచ్చిన యాంటెన్నాలు కూడా కలిసే ఉంటాయి. తెరమీద 26 అని కనబడినా చెంపల దగ్గర 19 మాత్రమే ఉండవచ్చు. కాబట్టి తల నిజంగా ఆనే చోటనే కొలిచి, దాన్ని బట్టి నమూనాను పెంచాలి.

ఆ తర్వాత మెడ రంధ్రం. దాని ఆకారాన్ని పాత అట్టపెట్టె మీద గీసి, రింగులా కోసి, తల మీదుగా కిందికి దించి చూడండి. ముక్కు దగ్గర ఇరుక్కుంటే నమూనాను పెంచాలి, లేదంటే హెల్మెట్‌ను వెనక నిలువుగా రెండుగా చీల్చి అయస్కాంతాలతో మూసుకునేలా చేయాలి. అయిదు నిమిషాల ఈ అట్ట పరీక్ష చేయక, పూర్తయిన హెల్మెట్‌ను తల దూరక షోకేసుకు అప్పగించినవారు ఉన్నారు.

ముద్రణ, కోత, మడత

చదరపు మీటరుకు 180 నుంచి 220 గ్రాముల బరువున్న కాగితం సరిపోతుంది. మామూలు కాగితం రెజిన్ తగలగానే జారిపోతుంది. మరీ మందమైనది ప్రింటర్‌లో ఇరుక్కుంటుంది, సన్నటి మడతలకూ లొంగదు. ముద్రించేటప్పుడు కాగితానికి సరిపోయేలా కుదించే సదుపాయాన్ని తప్పనిసరిగా ఆపేయండి. మొదటి పేజీలో ఒక అంచును స్కేలుతో కొలిచి, ప్రోగ్రాం చెప్పిన పొడవుతో సరిపోల్చాకే మిగతా పేజీలు వదలండి.

కోయకముందే మడత గీతలను నొక్కండి. ముక్కగా కోశాక చేతికి పట్టు దొరకదు. సిరా అయిపోయిన బాల్‌పెన్‌ను ఇనుప స్కేలు వెంబడి గట్టిగా లాగితే కాగితం తెగకుండా గాడి పడుతుంది. గీతల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి కొండలా పైకి లేచే మడత, ఇంకొకటి లోయలా లోపలికి దిగే మడత. ఏది ఏదో మొదటి ముక్క దగ్గరే తెరమీది నమూనాతో పోల్చి తేల్చుకోండి. కోశాక ప్రతి ముక్క వెనక పెన్సిల్‌తో దాని సంఖ్య రాయండి. బల్లమీద తొంభై తెల్ల ముక్కలు కలగాపులగమైన సాయంత్రం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అతకడం

నడినెత్తి నుంచో, ముఖం మధ్యగీత నుంచో మొదలుపెట్టండి. కుడివైపు ఒక ముక్క అతికిస్తే వెంటనే దాని జోడీని ఎడమవైపు అతికించండి. ఒక చెంప మొత్తం పూర్తిచేసి రెండో దానికి వెళ్తే, మొదటివైపు పేరుకున్న మిల్లీమీటర్ల తేడాలన్నీ రెండోవైపు మీద పడతాయి. నా హెల్మెట్ మెడ తిరిగిపోవడానికి అసలు కారణం అదే.

తెల్ల జిగురు నిదానంగా ఆరుతుంది, సర్దుకోవడానికి సమయమిస్తుంది. సూపర్ గ్లూ క్షణాల్లో పట్టేస్తుంది, తప్పుగా పెడితే కాగితం చించుకోవాల్సిందే. గ్లూ గన్ వాడకపోవడమే మేలు. రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి ఆ జిగురు మెత్తబడి అతుకులు జారవచ్చు. నేను అతుకులకు తెల్ల జిగురు, మొండికేసే మూలలకు మాత్రం ఒక చుక్క సూపర్ గ్లూ వాడతాను. చివరి ముక్కను మెడ రంధ్రం దగ్గరకు మిగుల్చుకుంటే, లోపలినుంచి వేలు పెట్టి అంచును నొక్కడానికి వీలుంటుంది.

కట్టడం అయ్యాక ఎదురుగా నిలబడి ఫోనులో ఒక ఫోటో తీసి, దాన్ని కుడి ఎడమలు తారుమారు చేసి చూడండి. రోజూ చూసి అలవాటైన కంటికి ఆనని వంకర, తిరగేసిన ఫోటోలో ఇట్టే బయటపడుతుంది. తర్వాత టేపు తీసుకుని, కుడి కనుబొమ మూల నుంచి ఎడమ మెడ అంచుకు, ఎడమ కనుబొమ మూల నుంచి కుడి మెడ అంచుకు కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. తేడా ఉంటే మెల్లగా మెలితిప్పి సరిచేసి, అది మళ్లీ కదలకుండా లోపల అట్టముక్కల ఊతలు అడ్డంగా అతికించండి. మెడ రంధ్రానికి రెండు, చెంపల మధ్య ఒకటి, ముఖం తెరుచుకున్న చోట ఒకటి కనీసం కావాలి.

రెజిన్‌కు ముందు రక్షణ

ఈ పనికి వాడే రెజిన్‌లు రెండు రకాలు: పాలియెస్టర్, ఎపాక్సీ. పాలియెస్టర్ రెజిన్ ఆవిర్లలో స్టైరీన్ అనే ఘాటైన రసాయనం ఉంటుంది. దాని ఘాటును గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఆపలేవు. సేంద్రియ ఆవిర్లను పట్టే కార్ట్రిడ్జ్‌లున్న రెస్పిరేటర్ కావాలి. ఆరుబయట, మంటకూ నిప్పురవ్వకూ దూరంగా పనిచేయండి. నైట్రైల్ చేతితొడుగులు, కళ్లు పూర్తిగా కప్పే అద్దాలు తప్పనిసరి. పాలియెస్టర్‌లో కలిపే గట్టిపరిచే ద్రవం కంట్లో పడితే చూపే పోవచ్చు. పడిన వెంటనే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఎపాక్సీకి అంత వాసన ఉండదు కానీ, పదేపదే చర్మానికి తగిలితే అలర్జీ పట్టుకుంటుంది, పట్టుకుంటే వదలదు. పిల్లలు కాగితం పని ఎంతైనా చేయవచ్చు, రెజిన్ మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.

పాళ్ల విషయంలో డబ్బా మీద రాసినదే వేదం. పాలియెస్టర్‌కు సాధారణంగా 1 నుంచి 2 శాతం గట్టిపరిచే ద్రవం పడుతుంది, అంటే 60 గ్రాముల రెజిన్‌కు సుమారు ఒక గ్రాము. కాస్త ఎక్కువ వేస్తే అది త్వరగా గట్టిపడుతుంది, వేడెక్కి పగులుతుంది కూడా. ఎపాక్సీ లెక్క వేరు. దాని రెండు భాగాలూ చెప్పిన పాళ్లలో కలిస్తేనే పని జరుగుతుంది, గట్టిపరిచే భాగం ఎక్కువ పోసినంత మాత్రాన త్వరగా ఆరదు, ఎప్పటికీ మెత్తగానే మిగిలిపోతుంది.

బయట పూత, లోపల పొర

హెల్మెట్‌ను తలకు పెట్టుకున్నట్టే నిలువుగా, ప్లాస్టిక్ చుట్టిన కుండమీదో సీసామీదో నిలబెట్టండి. పక్కకు పడుకోబెట్టి పూస్తే తడిసిన కాగితం దాని బరువుకే చదునవుతుంది. ఒక్కసారి 50, 60 గ్రాములకు మించి కలపకండి. చవక బ్రష్‌తో పలచగా పూసుకుంటూ వెళ్తే తెల్లటి కాగితం నూనె తగిలినట్టు పారదర్శకమవుతుంది. రెజిన్ ఇంకిందనడానికి అదే గుర్తు. తెల్లగా మిగిలిన మచ్చ కనిపిస్తే అక్కడ ఇంకలేదని అర్థం. గడ్డం అంచున, కంటి చూరుల కింద వేలాడే చుక్కలను గట్టిపడకముందే బ్రష్‌తో తుడిచేయండి. ఇప్పుడు క్షణంలో పోయే చుక్కకు రేపు అరగంట రుద్దుడు. పూర్తిగా గట్టిపడ్డాక రెండో పూత వేయండి.

కప్పులో మిగిలిన రెజిన్‌ను అలా వదిలేయకండి. ముద్దగా ఉంటే అది పొగలు కక్కేంత వేడెక్కుతుంది, అంటుకోవచ్చు కూడా. మట్టినేల మీద పలచగా పోసి, చల్లారాకే చెత్తలో వేయాలి. పాలియెస్టర్ పైపొర మర్నాటికీ జిగటగా ఉంటే కంగారుపడకండి. గాలిలోని ఆక్సిజన్ పైపొరను గట్టిపడనివ్వదు. తర్వాతి పొర పట్టడానికి ఆ జిగటే పనికొస్తుంది. చివర్లో అసిటోన్ గుడ్డతో తుడిస్తే పోతుంది.

లోపలివైపు ఫైబర్‌గ్లాస్ వేయాలి. పాలియెస్టర్‌తో పోగులు అడ్డదిడ్డంగా పరిచిన చాపరకం, ఎపాక్సీతో నేసిన గుడ్డరకం వాడండి. చాపరకంలో పోగులను కలిపి ఉంచే జిగురును స్టైరీన్ కరిగిస్తుంది కాబట్టి అది వంపులకు ఒదుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు, చాప బిరుసుగానే ఉండిపోతుంది. అయిదేసి సెంటీమీటర్ల ముక్కలుగా చింపి, ముందు రెజిన్ పూసి, ముక్క పరిచి, బ్రష్ కొసతో పొడుస్తూ బుడగలన్నీ బయటికి తీయండి. ఒక పొర గట్టిపడ్డాకే రెండోది వేయాలి. మందంగా ఒక్కసారే వేస్తే ఆ వేడికి ఇంతవరకు కాపాడుకున్న ఆకారం మెలితిరుగుతుంది. రెండు పొరలూ అయ్యాక ఊతలు కోసి తీసేయవచ్చు.

పుట్టీ, రుద్దుడు, రంగు

కార్లకు వాడే రెండు భాగాల పుట్టీని పలచటి పొరలుగా పెట్టండి. అది పూర్తిగా బిగియకముందు సబ్బుముక్కలా ఉండే కొద్ది నిమిషాల దశ ఒకటి వస్తుంది. ఆ సమయంలో ముతక ఆకురాయితో చెక్కితే సులువుగా ఊడివస్తుంది. ఆ సమయం దాటితే ఉప్పుకాగితమే గతి. 80 నంబరుతో మొదలుపెట్టి 120, 220, 400 వరకు వెళ్లండి. చదును తలాలకు కాగితాన్ని చెక్కముక్కకు చుట్టండి, వట్టి వేళ్లతో రుద్దితే వేళ్ల గుంటలే పడతాయి. ఈ దుమ్ములో గాజు పోగులుంటాయి. దుమ్ము మాస్కు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, పని ముగిశాక చన్నీళ్లతో కడుక్కోండి.

నున్నగా వచ్చిందో లేదో కన్ను చెప్పలేదు. ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) కొట్టి, దాని మీద నల్లరంగును దుమ్ములా పలచగా చల్లి, ఆరాక రుద్దండి. ఎత్తైన చోట్ల నలుపు పోతుంది, గుంటల్లో మిగులుతుంది. ఆ నల్లమచ్చల్లోనే మళ్లీ పుట్టీ పెట్టండి. మూడు నాలుగు సార్లు తిరగాల్సి వస్తుంది. ఎక్కడ చాలనుకోవాలో మీ ఇష్టం.

రంగును 25 సెంటీమీటర్ల దూరం నుంచి, ఆగకుండా చేయి కదుపుతూ, పలచగా పలుమార్లు కొట్టండి. యుద్ధంలో నలిగిన లోహంలా కనిపించాలంటే ముందు వెండిరంగు వేసి, అంచుల మీద అక్కడక్కడా టూత్‌పేస్ట్ అద్ది, పైన అసలు రంగు కొట్టండి. ఆరాక తడిగుడ్డతో తుడిస్తే పేస్టు ఉన్నచోట పెచ్చులూడి వెండి బయటపడుతుంది.

చూపు, గాలి

కంటి తెరకు లేతరంగున్న పీఈటీజీ అనే పారదర్శక ప్లాస్టిక్ రేకు, సుమారు ఒక మిల్లీమీటరు మందం, వాడుకోవచ్చు. ముందు కాగితంతో అచ్చు కోసుకుని సరిపోయిందో చూసుకోండి. దాన్ని సూపర్ గ్లూతో మాత్రం అతికించకండి. దాని ఆవిర్లకు పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లటి పొగలాంటి మరక పడుతుంది, అది పోదు. ఎపాక్సీ జిగురే మేలు. లోపల స్పాంజి మెత్తలను వెల్క్రోతో పెడితే ఉతకడానికి ఊడదీయవచ్చు. గడ్డం దగ్గర 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను ఒకటి, పవర్ బ్యాంకుతో నడిచేది, లోపలి గాలిని బయటికి లాగేలా అమర్చండి. లేకపోతే పది నిమిషాల్లో మీ ఊపిరే తెరమీద మంచులా కమ్ముతుంది.

ఇది దుస్తుల్లో భాగమే తప్ప రక్షణ కవచం కాదు. దీన్ని పెట్టుకుని బైకు ఎక్కకూడదు. రెజిన్ వాసన పూర్తిగా పోయేవరకు కొన్ని రోజులు గాలికి ఉంచి, మొదటిసారి ఇంట్లోనే ఒకరిని పక్కన పెట్టుకుని నడవండి. కింది చూపు దాదాపు ఉండదు కాబట్టి మెట్లు కనిపించవు, పాదంతో తడుముకుంటూ దిగాలి. లోపలినుంచి మాట బయటికి సరిగా వినిపించదు. ఊపిరాడకపోతే చేసే చేతి సైగ ఏమిటో పక్కనున్న మనిషికి ముందే చెప్పి ఉంచండి.