కుట్టు మిషన్ మోటారుతో పుట్టబోయే బిడ్డకు క్యాన్సరా? ముందు ఇవి చూడండి

నేను గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ల మెయింటెనెన్స్ చూస్తాను. మొన్న మూడో నెల గర్భిణి అయిన ఆపరేటర్ ఒకామె ఫోన్‌లో అయస్కాంత క్షేత్రం కొలిచే యాప్ చూపించి, "అన్నా, మిషన్ దగ్గర 43 వస్తోంది, 0.4 దాటితే పిల్లలకి బ్లడ్ క్యాన్సర్ అంట కదా" అంది. బాగా టెన్షన్‌లో ఉంది. మిషన్ ఆపేశాను, అప్పుడూ 43యే.

అది భూమి అయస్కాంతం. ఫోన్‌లో దిక్కులు చూపించే సెన్సార్‌కి తెలిసేది అదే, మన దగ్గర సుమారు 40 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్) ఉంటుంది. కాబట్టి ముందు ఆ యాప్ తీసేయండి. మోటారుకి వెళ్లే 50 హెర్ట్జ్ కరెంటు వల్ల వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని చదివే ఏసీ గాస్ మీటర్ దొరికితే, కూర్చుని కుడుతున్నప్పుడు పొట్ట ఎత్తులో పెట్టి చూడండి, మోటారుకి ఆనించి కాదు. రీడింగ్ మిల్లీగాస్‌లో ఉంటే, మైక్రోటెస్లాల్లోకి మార్చడానికి 10తో భాగించాలి.

ఇక ఆ 0.4 ఎక్కడిదంటే, ఇళ్లలో ఈ కరెంటు క్షేత్రం సగటున 0.3, 0.4 మైక్రోటెస్లాలు దాటినచోట పిల్లల్లో లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) కాస్త ఎక్కువగా కనిపించింది, దాన్ని బట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2002లో ఈ క్షేత్రాన్ని "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బి గుంపులో పెట్టింది. తల్లిదండ్రుల ఉద్యోగం సంగతి వేరు. 2003లో కెనడాలోని క్యూబెక్ అధ్యయనం తల్లుల పనికీ పిల్లల లుకేమియాకీ సంబంధం ఉన్నట్టు చెప్పింది, 2019లో 11 అధ్యయనాల డేటా కలిపి చూస్తే అలాంటిదేమీ తేలలేదు. ఉద్యోగం మానేసేంత భయం అక్కర్లేదని నా ఉద్దేశం, ఖర్చు లేని జాగ్రత్త మాత్రం ఎందుకు వదలాలి?

క్లచ్ మోటారు స్విచ్ వేశాక పెడల్ తొక్కకపోయినా గుయ్‌మంటూ తిరుగుతూనే ఉంటుంది, అదీ సరిగ్గా మోకాళ్ల దగ్గర. బండిల్ కోసం ఎదురుచూసేటప్పుడు ఆపేయండి. సర్వో మోటారు పెడల్ తొక్కితేనే తిరుగుతుంది, గర్భిణులకి ఆ మిషన్ ఇమ్మని సూపర్‌వైజర్‌ని అడగండి. ఒక్క జానెడు దూరం జరిగినా క్షేత్రం బాగా పడిపోతుంది. వెల్డింగ్ చేసే నాన్నలు కేబుల్ భుజానికి చుట్టుకోవద్దు, రెండు కేబుళ్లూ పక్కపక్కనే ఉంచండి, ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చాలావరకు కొట్టేస్తుంది.

రేడియేషన్ ఆప్రాన్లు, స్టిక్కర్లు కొనకండి, అవి ఈ క్షేత్రాన్ని ఆపలేవు. నన్నడిగితే, మరకలు తీసే స్ప్రే గన్ కెమికల్‌కి దూరంగా ఉండటం ఇంతకంటే ముఖ్యం, దాని గురించి ఎవరూ అడగరు!

ఆమెకి సర్వో మిషన్ ఇప్పించాం. చప్పుడు తగ్గింది, అదే హాయిగా ఉందంటోంది.