సుంకి ఘాట్‌లో భయపెట్టిన స్టీరింగు
జయపురం నుంచి అల్లం బస్తాలతో సాలూరు దిగుతుంటే, సుంకి ఘాట్ మలుపుల్లో మా పికప్ స్టీరింగు నాలుగు వేళ్ల వెడల్పు తిప్పినా చక్రం కదిలేది కాదు. స్టీరింగు తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల పెట్టె, అంటే స్టీరింగు బాక్సు, పైనున్న స్క్రూను ఆ వదులు తగ్గించడానికి అప్పటికే రెండుసార్లు బిగించాం. అతిగా బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. ఘాట్‌లో అది ఇంకా ప్రమాదం. అవే బోల్టు రంధ్రాలకు సరిపోయే దృఢమైన బాక్సు వేయించాను.

బాక్సు నుంచి చక్రాల కడ్డీలను కదిపే చేయి, పిట్‌మన్ ఆర్మ్, ఊడదీసే ముందు మళ్లీ అదే స్థానంలో బిగించేందుకు గుర్తుగా గాటు పెట్టించాను. పవర్ స్టీరింగు పాత ఆయిల్ వేళ్ల మధ్య ఇసుకలా గరగరలాడింది. ఆ లోహపు రజను కొత్త బాక్సునూ తినేస్తుంది, గొట్టాలన్నీ కడిగించాల్సిందే. ముందు చక్రాలు పైకెత్తి, ఇంజను ఆపి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై సార్లు తిప్పాక లోపలి గాలి పోయి ఆయిల్‌లో బుడగలు ఆగాయి.

మర్నాడు నిండు బరువుతో అదే ఘాట్ దిగాను. చెయ్యి చెప్పిన చోటికే చక్రం వెళ్లింది.