రోబో చెయ్యికి అనుకరణ నేర్పడం: ముందు తన చెయ్యి తనకు తెలియాలి

ఆత్రేయపురంలో పూతరేకు తీసే చెయ్యిని చూడండి. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. రోబో చేత ఆ లాగు చేయించాలని చాలామంది నేరుగా దాన్నే కోడ్‌గా రాస్తారు. అలా వద్దు. మూడు నెలల పసిపిల్లలు గుప్పిట ఆడిస్తూ దాన్నే తదేకంగా చూసుకుంటారు కదా, రోబో చదువూ అక్కడే మొదలవ్వాలి.

కావలసినవి: ఎంజీ996ఆర్ సర్వోలు 2 (చెప్పిన కోణానికి తిరిగే మోటార్లు, భుజానికొకటి, మోచేతికొకటి), 12 సెం.మీ. అల్యూమినియం పట్టీలు 2, ఆర్డ్యునో ఊనో (సర్వోలను నడిపే చిన్న కంట్రోల్ బోర్డు), వెబ్‌క్యామ్, 5 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టర్. సర్వోలకు కరెంటు ఊనో నుంచి ఇవ్వకండి, రెండూ ఒకేసారి కదిలితే బోర్డు రీసెట్ అవుతుంది. గ్రౌండ్ (మైనస్ తీగ) మాత్రం ఊనోదీ అడాప్టర్‌దీ కలపాలి.

చేతి కొసకు నీలం టేపు చుట్టండి. పచ్చ టేపు పెడితే కోనసీమలో కిటికీ అవతలి కొబ్బరాకులనూ కెమెరా చెయ్యే అనుకుంటుంది. ఎరుపైతే ఓపెన్‌సీవీ (కెమెరా బొమ్మలను పరిశీలించే సాఫ్ట్‌వేర్) రంగుల కొలతలో ఆ రంగు 0 దగ్గరా 179 దగ్గరా రెండు ముక్కలై ఉంటుంది. నీలం 100–130 మధ్య ఒక్కచోటే దొరుకుతుంది.

ఇక చెయ్యిని ఇష్టమొచ్చినట్టు ఆడనివ్వండి. ప్రోగ్రామ్ రెండు కోణాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, కదిలించి, అర సెకను ఆగి, ఆ కోణాలనూ టేపు కనిపించిన పిక్సెల్ స్థానాన్నీ కలిపి రాసుకోవాలి. కదలికకు 2 సెకన్లు వేసుకుంటే 500 నమూనాలకు పావుగంట పైచిలుకు పడుతుంది. ఆ తర్వాత కెమెరా వేలెడు జరిగినా ఆ నమూనాలన్నీ వృథా, మళ్లీ మొదలు పెట్టాల్సిందే. అందుకే స్టాండును బల్లకు బిగించేయండి.

ఏ పిక్సెల్‌కు చేరాలన్నా దగ్గరి 5 నమూనాల కోణాల సగటు తీయాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మోచెయ్యి ఇటు మడిచినా అటు మడిచినా కొస ఒకే చోటికి చేరవచ్చు. ఆ రెండు భంగిమలకూ సగటు తీస్తే చెయ్యి ఎక్కడికో పోతుంది. మోచెయ్యి ఒక్క వైపే మడిచేలా సర్వోను బిగిస్తే ఈ తంటా ఉండదు.

ఇప్పుడు రోబో చేతి టేపు తీసి మీ వేలికి చుట్టుకోండి. ఫ్రాన్స్‌లో ఫిలిప్ గోసియే బృందం 1998లో వివరించిన కిటుకు ఇదే. కనిపించే చెయ్యి తనదేనని రోబో అనుకుంటుంది. కోణాలను బట్టి చెయ్యి ఒకచోట ఉండాలి, కంటికి మరోచోట కనిపిస్తోంది. ఆ తేడా పోగొట్టుకోవడానికి చెయ్యి కదులుతుంది, చూసేవాళ్లకు అది అనుకరణ. అనుకరించమని ఎక్కడా రాయనక్కర్లేదు.

లాగును 4 సెకన్లకు సాగదీసి చూపండి, 0.1 సెకనుకొక స్థానం చొప్పున 40 దాచుకుని వరుసగా ఆడించండి. దగ్గరి నమూనా 40 పిక్సెళ్లకు మించి దూరంగా ఉంటే చెయ్యి ఆగిపోయేలా రాయండి, లేకపోతే తెలియని చోటికి ఎగిరి పట్టీ కుండకు తగులుతుంది. నేర్చుకునేది దారి మాత్రమే. గుడ్డ ఎంత ఒత్తాలో కెమెరాకు కనబడదు, దానికి కొస దగ్గర ఒత్తిడి సెన్సర్ కావాలి.